నాన్నకు తెలియదనే అనుకుంటున్నారా?

మీరు రాసింది ఇదీ: 67 ఏళ్ల నాన్నగారికి పాంక్రియాస్ క్యాన్సర్, నాలుగో స్టేజి, కొన్ని నెలలే అన్నారు డాక్టరు. ఆయనకు మాత్రం కడుపులో అల్సర్ అని చెప్పి నెట్టుకొస్తున్నారు. నిజం తెలిస్తే కుంగిపోతారని అన్నయ్య ఒప్పుకోవట్లేదు. ఆయన ముందు నవ్వి, వంటింట్లోకొచ్చి ఏడవడం ఇక మీ వల్ల కావట్లేదు.

చూడమ్మా, ఉత్తరం మధ్యలో మీరే ఒక సంగతి రాసి దాటేశారు. పోయిన వారం ఆయన కౌలు రైతుని పిలిపించి లెక్కలన్నీ తేల్చేశారని, చేతి గడియారం తీసి మనవడికి పెట్టారని. అల్సర్ వచ్చిన మనిషి చేసే పనులా అవి? ఆయనకు తెలిసిపోయిందనే నాకనిపిస్తోంది. మీరు బాధపడతారని ఆయన, ఆయన బాధపడతారని మీరు, ఒకే ఇంట్లో ఎవరి నాటకం వాళ్లు ఆడుతున్నారు.

అలాగని వెళ్లి రిపోర్టు చదివి వినిపించకండి. ముందు అన్నయ్యతో మాట్లాడండి, లేదంటే తర్వాత ఆసుపత్రి వరండాలో గొడవవుతుంది. ఆ తర్వాత "నాన్నా, నీ ఒంట్లో సంగతి ఎంతవరకు తెలుసుకోవాలనుంది?" అని అడిగి ఊరుకోండి. వద్దంటే వద్దు, అది ఆయనిష్టం. కావాలంటే డాక్టరు చేత చెప్పించండి, నొప్పి తగ్గించే పాలియేటివ్ కేర్ గురించి కూడా అప్పుడే అడగండి.

కెనడాలో హార్వే చోచినోవ్ అనే సైకియాట్రిస్టు ఇలాంటి వాళ్ల కోసమే 'డిగ్నిటీ థెరపీ' అని ఒకటి మొదలుపెట్టారు. పేషెంటు జీవితం గురించి కూర్చుని మాట్లాడించి, రికార్డు చేసి, కాగితం మీద పెట్టి, ఆయనకే చదివి వినిపించి, సరిచేసి ఇంట్లోవాళ్ల కోసం ఇస్తారు. 2005లో వచ్చిన అధ్యయనంలో 100 మందిలో 91 మంది తృప్తిగా ఉందన్నారు, 76 మంది తమ గౌరవం తమకు పెరిగినట్టుందన్నారు. జబ్బు నయం కావడానికి కాదులెండి ఇది.

థెరపిస్టు దొరక్కపోయినా ఫోన్‌లో రికార్డర్ ఉందిగా. మనవాళ్లు ఇలాంటప్పుడు పొలం కాగితాలెక్కడున్నాయని అడుగుతారు గానీ, ఆ పొలం ఎలా కొన్నావు నాన్నా అని అడగరు. మీరు అడగండి. దేనికి గర్వపడతావు, మాకు చెప్పకుండా ఉండిపోయిన మాట ఏమైనా ఉందా, మేం ఎలా ఉండాలనుకుంటున్నావు. ఆయన ఏడిస్తే ఏడవనివ్వండి, కంగారుపడి టీవీ పెట్టేయకండి.

మీకు నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. అన్నయ్యను ఈ ఆదివారమే రమ్మనండి. నాన్నగారికి మాట్లాడే ఓపిక పొద్దున పూటే ఉంటుందని మీరే రాశారు కదా, కాఫీ టైముకి వచ్చేయమనండి.