కథ ముందు రాత్రే చెప్పెయ్

పర్లాకిమిడి

చి.ల.సౌ. అమ్మడికి పెద్దమ్మ దీవెనలు.

వేసవి సెలవులకి పార్వతీపురం నుంచి మీ ఆడపడుచు పిల్లలు, భువనేశ్వర్ నుంచి మీ బావగారి పిల్లలు రాయగడలో మీ ఇంటికే దిగుతున్నారట కదా. వాళ్లందరికీ కలిపి ‘ది యాంగ్రీ బర్డ్స్ మూవీ 2’ వేద్దామనుకుంటున్నావని, ఏ భాషలో పెట్టాలో తోచక టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. సెలవులొస్తే మా వీధి పిల్లల మకాం మా ముందుగదిలోనే కాబట్టి ఈ బొమ్మల సినిమాల సంగతి నాకు బాగానే తెలుసు.

సబ్‌టైటిల్స్ ఆలోచన మానుకో. మన పిల్లలు ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతారు గానీ, ఒడియా బడికి వెళ్లేవాళ్లలో చాలామందికి తెలుగు చదవడం రాదు. పార్వతీపురం పిల్లలకి ఒడియా ముక్క తెలీదు. ఇంగ్లీషులో పెడితే పెద్ద పిల్లలిద్దరు నవ్వుతారు, తక్కినవాళ్లు వాళ్ల మొహాలు చూస్తారు. నన్నడిగితే హిందీలో పెట్టు. అందులో కథానాయకుడైన ఎర్ర పక్షి రెడ్‌కి కపిల్ శర్మ, పందుల రాజు లెనార్డ్‌కి కీకూ శారదా, గద్ద జీటాకి అర్చనా పూరణ్ సింగ్ గొంతులిచ్చారు. టీవీ పుణ్యమా అని ఆ గొంతులు భువనేశ్వర్ పిల్లలకి కొట్టినపిండి.

మరి హిందీ రానివాళ్ల మాటేమిటంటావు. పక్కన కూర్చుని డైలాగుకొకసారి తెలుగులో చెప్పే పని మాత్రం పెట్టుకోకు. నువ్వు చెప్పేలోపు జోకు దాటిపోతుంది, నీ మాటల గోలలో మిగతావాళ్లకి ఏమీ వినపడదు. ముందు రోజు రాత్రి అన్నాలయ్యాక మేడ మీద పక్కలేసి కథంతా తెలుగులో చెప్పెయ్. కథ తెలిసిపోతే ఇంకేం సరదా అని మీ ఆయన అంటాడు. పట్టించుకోకు. రామాయణం తెలిసినవాళ్లే కదా తెల్లవార్లూ కూర్చుని తోలుబొమ్మలాట చూసేది!

2016లో వచ్చిన మొదటి భాగం చూపించక్కర్లేదు. ఒక్కోటీ గంటన్నర పైచిలుకు, రెండూ ఒకే రోజు వేస్తే రెండోదానికి సగంమంది కునికిపాట్లు పడతారు. పందులు స్నేహంగా పక్షుల దీవికొచ్చి గుడ్లు ఎత్తుకుపోయాయి, ఎవరికీ పట్టని కోపిష్టి రెడ్ మిత్రులతో వెళ్లి తెచ్చేశాడు, అప్పట్నుంచి ఊళ్లో హీరో అయ్యాడు. ఇంత చెప్తే చాలు.

తర్వాతి మెలిక మాత్రం నిదానంగా చెప్పాలి. ఈ సినిమాకి మూలమైన ఫోన్ ఆట ఆడిన పిల్లాడికి పంది అంటే శత్రువే. 2019 నాటి ఈ రెండో భాగంలో లెనార్డే వచ్చి సంధి అడుగుతాడు. మంచు దీవిలో చలికి విసిగిపోయిన జీటా అనే గద్ద పక్షుల దీవినీ, పందుల దీవినీ కాజేద్దామని మంచు గుండ్లు పేలుస్తుంటుంది. రెడ్‌కి జీటా భయం ఒక ఎత్తు, పందులతో యుద్ధం ఆగిపోతే తనని ఇంకెవరు పట్టించుకుంటారన్న దిగులు ఇంకో ఎత్తు. రెడ్ మిత్రుడు, పసుపు పిట్ట చక్ చెల్లెలు సిల్వర్ తెలివైన ఇంజినీరు, తన కంటే ఆమె ముందుందని రెడ్‌కి ఉడుకుమోత్తనం. పెద్ద పిల్లలకి ఇదే బాగా పడుతుంది, ఇక్కడ కాస్త సాగదీసి చెప్పు.

ఫోన్ ముట్టనివ్వని ఇళ్ల పిల్లలుంటే, పగలే రెండు మూడు లెవెల్స్ ఆడించు. వేలితో ఉండేలు లాగి వదిలి, పసుపు పిట్ట గాల్లో ఉండగా తడితే అది రివ్వున దూసుకెళ్లడం చూసినవాళ్లకి సినిమాలో చక్ వేగం ఇట్టే అర్థమవుతుంది. 2009 నాటి పాత ఆట ఇప్పుడు ప్లే స్టోర్‌లో లేదు, దాన్నే 2022లో మళ్లీ తెచ్చి 2023లో తీసేశారు. ‘యాంగ్రీ బర్డ్స్ 2’ అని కనిపించేది 2015లో వచ్చిన వేరే ఆట, పేరులో 2 ఉందని ఈ సినిమా కథ అనుకునేవు. ఊరికే ఆడుకోవచ్చు గానీ మధ్యమధ్యలో డబ్బులు పెట్టి కొనమంటుంది. పిల్లల చేతికిచ్చే ముందు కొనుగోళ్లకి పాస్‌వర్డ్ పెట్టు. ఈ ఆటలు ఫిన్లాండులో రోవియో అనే కంపెనీ చేసింది. మొదటిది చేసేటప్పుడు స్వైన్ ఫ్లూ వార్తలు జోరుగా ఉండబట్టి పందుల్ని శత్రువులుగా పెట్టారట, మీ ఆయనకి చెప్పు, నవ్వుకుంటాడు.

నాలుగైదేళ్ల వాళ్లని నీ పక్కనే కూర్చోబెట్టుకో. ముగ్గురు పక్షిపిల్లలు ఆటకి తెచ్చిన గుడ్లు సముద్రంలో కొట్టుకుపోతాయి. అందులో ఉన్నది ఒక పిల్ల చెల్లెళ్లని తెలియగానే పసివాళ్లు బావురుమంటారు. గుడ్లు క్షేమంగా తిరిగొస్తాయని ముందు రాత్రే చెప్పెయ్, అప్పుడు ఆ పిల్లల అగచాట్లకి పడీపడీ నవ్వుతారు. సినిమా మొత్తంలో నాకు నచ్చిందీ ఆ భాగమే. గద్ద వేషం వేసుకుని అంతా బాత్రూంలో దూరే సీను మోటుహాస్యం, మీ అత్తగారు మొహం చిట్లిస్తారు. ఆ టైముకి ఆవిణ్ణి ముంజెలు ఒలవమని వంటింట్లో కూర్చోబెట్టు.

ఇన్వర్టర్‌కి టీవీ ఒక్కటే తగిలించు, ఫ్యాన్లు రెండు చాలు.

అయిపోయాక నువ్వేమీ అడక్కు. జీటా చెడ్డదా కాదా అని వాళ్లే మొదలెడతారు. జీటాని పెళ్లి పీటల మీద వదిలేసి పారిపోయిన పక్షుల దీవి గద్ద మైటీ ఈగిల్‌ని ఏమనాలో ఆడపిల్లలు తేలుస్తారు. నిన్ను తీర్పు చెప్పమంటే ముంజెలు పంచే పని ఉందని లేచిపో.

మీ అమ్మకి మోకాళ్ల నూనె పంపించాను, అందిందో లేదో ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ