పత్తి ఏరే కాలంలో పెద్దపులి భయం

ప్రశ్న: మాది కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లాలో, మహారాష్ట్ర సరిహద్దున అడవి అంచు పల్లె. ఐదెకరాల పత్తి ఏరడానికి వచ్చింది కానీ, పులి తిరుగుతోందని కూలీలు రావడం లేదు. పులి నిజంగా మనుషుల మీదికి వస్తుందా? చేను చుట్టూ కరెంటు తీగ కట్టవచ్చా? పశువులను ఎలా కాపాడుకోవాలి?

జవాబు: మీ కూలీల భయం ఒట్టిది కాదు. 2020లో దహెగాం, పెంచికల్‌పేట మండలాల్లో ఇద్దరు, 2024లో కాగజ్‌నగర్ మండలంలో ఒక యువతి పులి దాడిలో చనిపోయారు. ఈ మూడూ నవంబరులోనే జరిగాయి, వాటిలో రెండు పత్తి చేలలో జరిగాయి. ఆ నెలలో పత్తి మొక్కలు నడుము ఎత్తు దాటి, పెద్దపులి పడుకున్నా కనబడనంత దట్టంగా ఉంటాయి. అడవిపందులు అక్కడ తలదాచుకుంటాయి, వాటి వెంట పులి వస్తుంది. మహారాష్ట్రలోని తాడోబా, టిప్పేశ్వర్ అడవుల్లో పుట్టి, రెండేళ్ల వయసుకు తల్లిని విడిచి, సొంత చోటు వెతుక్కుంటూ నదులు దాటి మన వైపు వచ్చే కుర్ర పులులకు ఇక్కడి దారులూ పల్లెలూ కొత్త.

అయినా పులి మనిషిని ఆహారంగా ఎంచుకోవడం చాలా అరుదు. నిటారుగా నిలబడిన మనిషిని చూస్తే అది సాధారణంగా తప్పుకుంటుంది. నడుము వంచి, మాట్లాడకుండా పత్తి ఏరే మనిషి మాత్రం మొక్కల సందుల్లోంచి దానికి మరో జంతువులా కనబడవచ్చు. ప్రమాదమంతా ఆ భంగిమలో, ఒంటరితనంలో, వేకువ మసకలో ఉందని నేను గట్టిగా నమ్ముతాను. దేశం మొత్తం మీద పులి దాడుల్లో ఏడాదికి చనిపోయేవారు పదుల్లో, కొన్ని ఏళ్లలో వంద దాటి ఉంటారు. పాముకాటుతో చనిపోయేవారు ఏటా దాదాపు 58 వేలని 2000 నుంచి 2019 వరకు జరిగిన మరణాలపై వచ్చిన అంచనా. కాబట్టి అదే చేలోకి చెప్పులు లేకుండా, రాత్రిపూట టార్చి లేకుండా వెళ్లడం పులి కన్నా పెద్ద ముప్పు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఎలుగుబంటి విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి; అది హఠాత్తుగా ఎదురైతే పారిపోకుండా మీద పడుతుంది.

పత్తి ఏరడం ఉదయం పది తర్వాత మొదలుపెట్టి సాయంత్రం నాలుగులోపు ముగించండి. కూలీలను విడివిడి సాళ్లలోకి పంపక గుంపుగా ఉంచి, ఒకరిని గట్టు మీద నిలబెట్టి చుట్టూ చూస్తూ, మాట్లాడుతూ ఉండమనండి. పులి వెనక నుంచి దాడి చేస్తుంది గనుక తల వెనుక మనిషి ముఖం మాస్కు కట్టుకునే పద్ధతి సుందరబన్‌లో మొదలైంది. మన జిల్లాలోనూ అటవీశాఖ ఇలాంటి మాస్కులు ఇచ్చింది. పులి ఎదురైతే పరుగెత్తవద్దు, కూర్చోవద్దు. దాని వైపే చూస్తూ, చేతులెత్తి అరుస్తూ, మెల్లగా వెనక్కి నడవండి.

కరెంటు తీగ మాత్రం వద్దు. అది పులి కన్నా ముందు మీ ఎద్దును, పొరుగు చేను రైతును, చివరికి చీకట్లో మరచిపోయి అడుగు పెట్టిన మిమ్మల్ని చంపవచ్చు. పులి చనిపోతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మూడేళ్లకు తగ్గని జైలు శిక్ష పడుతుంది.

పశువులను చీకటి పడకముందే ఊళ్లోని కొట్టానికి తోలండి, అడవి అంచున రాత్రి కట్టేయకండి. పులి పశువును చంపితే కళేబరాన్ని కదిలించవద్దు, విషం చల్లవద్దు, కోపంతో దగ్గరికి పోవద్దు. పులి మళ్లీ దాని దగ్గరికే వస్తుంది. వెంటనే మీ ప్రాంతపు అటవీశాఖ బీట్ అధికారికి చెప్పి, వారి సమక్షంలో పంచనామా రాయించండి, ఫొటోలు తీయించండి. నష్టపరిహారానికి ఆ కాగితమే ఆధారం.