తులసి ఆకు కోతకు వచ్చిందని ఎలా తెలుస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కుండీల్లో తులసి నాటి మూడు నెలలైంది, కొసల్లో వెన్నులు, అంటే పూల కంకులు, మొదలయ్యాయి, ఏడాదికి సరిపడా ఆకు ఎండబెట్టి దాచుకోవాలి. ఒకరేమో వెన్ను కనబడగానే తుంచెయ్యమన్నారు, ఇంకొకరు పూత మొత్తం అయ్యాక కొయ్యమన్నారు. ఎవరి మాట వినాలి?

ఎండబెట్టడానికైతే ఇద్దరి మాటా వద్దండి. ఒకరిది తొందర, ఇంకొకరిది ఆలస్యం. నేను రెండూ చేసి చూశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

మొదటిసారి నాలుగు మొక్కలు పెంచాను. ఇంకా పెరుగుతోంది కదా, ఇంకొన్నాళ్లు ఆగితే ఇంకాస్త ఆకు వస్తుంది కదా అని ఆగుతూ పోయాను. వెన్నులు గోధుమరంగుకి తిరిగాయి, కింది ఆకులు పండి రాలాయి, పైన వచ్చే ఆకులు గోరంత చిన్నవైపోయాయి. అప్పుడు కోశాను. ఎండిన ఆకు చూడటానికి బాగానే ఉంది గానీ, సీసా మూత తీస్తే ఎండుగడ్డి వాసన. మొక్క విత్తనం మీద పడ్డాక కొత్త ఆకు దాదాపు ఆగిపోతుంది, పాత ఆకులో ఘాటు తగ్గిపోతుంది. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు.

ఆ దెబ్బతో రెండోసారి మరీ ముందే కత్తెర పట్టాను. నాటి ఆరు వారాలు కూడా కాలేదు. వాసన ఉంది, కానీ పలచన. అది పోనీ అనుకుంటే, ఒక్క ఆకు కూడా మిగల్చకుండా అడుగంటా కోశాను. రెండు మొక్కలు మళ్లీ చిగురు వెయ్యనే లేదు.

ఇప్పుడు అసలు సంగతి. తులసి వాసన ఆకు లోపల ఎక్కడో ఉండదు. ఆకు మీద, ముఖ్యంగా అడుగువైపు, కంటికి సరిగా ఆనని నూనె గ్రంథులు ఉంటాయి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం పెట్టి ఆకు తిరగేసి చూడండి, మెరిసే చుక్కల్లా కనబడతాయి. లేత ఆకు మీద ఒత్తుగా ఉంటాయి, ముదిరి వెడల్పైన ఆకు మీద దూరదూరంగా. ఆ నూనెలో యూజెనాల్ అనే పదార్థం ఉంటుంది. లవంగానికి ఆ ఘాటు ఇచ్చేదీ అదే, అందుకే మంచి తులసిని నలిపితే ముక్కుకి లవంగం తగులుతుంది. ఈ నూనె పూత మొదలైనప్పటినుంచి నిండుగా పూసేవరకు ఎక్కువగా ఉంటుంది. మనం పట్టుకోవలసింది ఆ నడిమి రోజుల్ని.

వెన్నుని చదవడం నేర్చుకుంటే చాలు, భూతద్దం కూడా అక్కర్లేదు. తులసి వెన్ను అడుగునుంచి పైకి విచ్చుకుంటూ పోతుంది. కిందివి పూసి రాలుతుంటే కొసన ఇంకా మొగ్గలే ఉంటాయి. వెన్నులో కింది మూడోవంతు పూలు విచ్చుకుని, పైన మొగ్గలు ఇంకా బిగువుగా ఉంటే అదీ సమయం. సగం దాకా పూసినా పరవాలేదు. అడుగున పువ్వు రాలిన చోట మిగిలే చిన్న గుల్లలు గోధుమరంగుకి తిరుగుతున్నాయంటే మాత్రం ఆ రోజే కోసెయ్యండి.

ఇక్కడ ఒక చిక్కుంది. అన్ని వెన్నులూ ఒక్కసారి రావు. నడిమి కాండం మీద ముందు వస్తుంది, పక్క కొమ్మల మీద తర్వాత. నేను నడిమిదాన్ని లెక్కలోకి తీసుకోను, అది ఎప్పుడూ తొందరపడుతుంది. పక్క కొమ్మల్లో సగానికి పైగా కొమ్మల మీద పూలు విచ్చుకోవడం మొదలయ్యాక మొత్తం ఒకేసారి కోస్తాను. ఈలోగా నడిమి వెన్ను ముదిరిపోతోంది అనిపిస్తే దాన్ని ఒక్కదాన్నీ తుంచుతాను.

రోజులు లెక్కపెట్టేవాళ్లూ ఉన్నారు. పొలాల్లో సాగు చేసేవాళ్లు నాటిన 90 నుంచి 95 రోజులకు మొదటి కోత, ఆపైన 65 నుంచి 75 రోజులకొకటి అంటారు. మీ మూడు నెలల లెక్క దానికి సరిపోయింది. కానీ కుండీలో మొక్కకి మట్టి తక్కువ, ఎండ తగిలేదీ ఒక్కోచోట ఒక్కోలా. నా మొక్కల్లో నీడవైపు ఉన్నది మిగతావాటికంటే దాదాపు మూడు వారాలు వెనకబడింది. కాబట్టి రోజుల లెక్క గుర్తు చేసుకోవడానికే, కొయ్యడానికి వెన్నే లెక్క.

రంగు చూసి మాత్రం మోసపోకండి. కృష్ణ తులసి ఊదారంగు ఎండ వల్ల కూడా ముదురుతుంది, కోతకొచ్చిందని కాదు.

వెన్ను కనబడగానే తుంచమన్నవారు తప్పు చెప్పలేదు, వారి అవసరం వేరు అంతే. రోజూ నాలుగు పచ్చి ఆకులు కావాలంటే అదే పద్ధతి. తుంచినకొద్దీ కణుపు దగ్గర రెండేసి చిగుళ్లు వేసి మొక్క గుబురవుతుంది. సబ్జా మొక్కకైతే పచ్చి ఆకు కోసం నేనూ అలాగే చేస్తాను, పూశాక దాని ఆకు రుచి మారిపోతుంది.

కోసే రోజు ఎండ కాయాలి. ముందు రోజు వాన పడితే ఆగండి. నేను ఒకసారి ఆగలేదు. తడి ఆకు కుప్పగా పోసి, తెల్లారి చూస్తే సగం నల్లబడింది, అడుగున బూజు వాసన. దుమ్ము కడగాలనుకుంటే ముందురోజు పొద్దున్నే మొక్క మీదే నీళ్లు చల్లి కడిగెయ్యండి. కోతరోజు మంచు ఆరాక, ఎండ ముదరకముందు కొయ్యండి. మట్టినుంచి 15 నుంచి 20 సెంటీమీటర్లు వదిలి, ఆ మిగిలిన మోడు మీద ఆకులు ఉండేలా, కణుపుకి కాస్త పైన కత్తిరించాలి. ఆకుల్లేని ముదురు కర్ర దాకా దిగితే నా రెండు మొక్కల గతే.

సరైన వేళకు కోసినా ఎండబెట్టడంలో పోగొట్టుకోవచ్చు. ఎండలో పెడితే రంగూ వాసనా రెండూ పోతాయి. పిడికిలిలో పట్టేంత చిన్న కట్టలు కట్టి, గాలాడే నీడలో తలకిందులుగా వేలాడదీస్తాను. నాలుగైదు రోజులు, గాలిలో చెమ్మ ఉంటే వారం. యంత్రంలో ఎండబెట్టేవాళ్లు 40 డిగ్రీలు దాటనివ్వకండి. వెన్నుల్ని పారెయ్యొద్దు, వాటి మీదా నూనె గ్రంథులుంటాయి, ఆకుతో పాటే ఎండనివ్వండి. మొన్నటి కోతలో అర కిలో పచ్చి ఆకు ఎండితే 110 గ్రాములకు దిగింది. ఏడాదికి సరిపోతుందా అని లెక్క వేసుకునేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

ఆకు పట్టుకుంటే గలగలలాడాలి, సన్న పుల్ల వంచితే వంగకుండా టక్కున విరగాలి. ఆకు ఎండి పుల్ల వంగుతోందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. గాజు సీసాలో పోశాక మొదటి వారం రోజూ చూడండి. లోపలి గోడకి ఆవిరి పట్టిందంటే వెంటనే తీసి మళ్లీ ఆరబెట్టండి. పొడి చెయ్యకుండా ఆకు ఆకులాగే ఉంచి, వాడేటప్పుడు నలుపుకుంటే ఘాటు ఎక్కువకాలం నిలుస్తుంది.

ఇంకొక్కటి, మీరు అడగకపోయినా. అన్నీ కోసెయ్యకుండా ఒక్క కొమ్మ వెన్నుతో సహా వదిలెయ్యండి. తేనెటీగలకి కొన్నాళ్లు పని ఉంటుంది, మీకు వచ్చేసారికి విత్తనం దక్కుతుంది. గుల్లలు పూర్తిగా గోధుమరంగుకి తిరిగాక అరచేతిలో వేసి నలిపి ఊదితే, ఒక్కో గుల్లకి నాలుగు దాకా గింజలు మిగులుతాయి.