పంపు పెట్టించే ముందు, నింపేదెవరో తేల్చుకో

అమ్మాయీ,

వదిన రిపోర్టులు, మందుల చీటీ చూశాను. క్యాన్సర్ గడ్డ నడుము కింది నరాలను నొక్కుతోంది. మార్ఫిన్ మాత్రలు పెంచేకొద్దీ మగత పెరిగిందే గానీ నొప్పి తగ్గలేదని రాశావు. అలాంటప్పుడు డాక్టరుగారు వెన్నులోకి మందు పంపే పంపు మాట ఎత్తడంలో తొందరపాటేమీ లేదు. మార్ఫిన్ దాకా వచ్చిందంటే ఇక ఆఖరు రోజులేనని అన్నయ్య బెంగపెట్టుకున్నాడట. అది నొప్పికి మందు, అంతేనని చెప్పు. అది వేసుకుని ఏళ్ల తరబడి తిరిగినవాళ్లను పెయిన్ క్లినిక్‌లో నర్సుగా ఉన్నప్పుడు చూశాను.

పంపంటే అరచేతిలో పట్టే గుండ్రటి లోహపు డబ్బా. పొట్ట చర్మం కింద పెడతారు. దాన్నుంచి సన్నటి గొట్టం ఒళ్లు చుట్టి వెనక్కి వెళ్లి, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి దిగుతుంది. మందు నేరుగా అక్కడే పడుతుంది గనక చాలా తక్కువ సరిపోతుంది. నోటితో 300 మిల్లీగ్రాములు వేసుకునే చోట అక్కడ సుమారు 1 మిల్లీగ్రాము చాలని లెక్క. 2002లో అచ్చయిన ఒక పరిశోధనలో 202 మంది క్యాన్సర్ రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పంపు కూడా పెట్టి, ఇంకో జట్టుకు మందులు మాత్రమే ఇచ్చి చూశారు. నొప్పి రెండు జట్లకూ తగ్గింది, పంపు వాళ్లకు కాస్త ఎక్కువ. అసలు తేడా మగత, అలసట లాంటి బాధల్లో కనిపించింది: అవి పంపు వాళ్లకు సగం తగ్గితే, మందులు మాత్రమే వాడినవాళ్లకు ఆరో వంతే తగ్గాయి. కాబట్టి నొప్పి మొత్తం పోతుందని ఆశపెట్టుకోవద్దు. వదిన మెలకువగా ఉండి మీతో నాలుగు మాటలు మాట్లాడితే అదే లాభం.

ఒప్పుకునే ముందు ట్రయల్ చేయమను. వెన్నులో సూదితోనో, తాత్కాలిక గొట్టంతోనో మందిచ్చి చూస్తారు. దానికి గుణం కనిపించకపోతే పంపు దండగే. బతికే కాలం మూణ్ణెల్ల లోపేనని డాక్టర్లు అనుకుంటే లోపల పెట్టే పంపు కంటే, గొట్టం చర్మం కింద నుంచి బయటికి తీసి బయటి పంపుకు తగిలించడమే నయం. ఈ ప్రశ్న అడగడానికి నోరు రాదు, తెలుసు. అయినా అడుగు. కీమో వల్ల తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్న రోజుల్లో ఆపరేషన్ వద్దు. రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతుంటే ముందే చెప్పాలి.

ఇక అసలు సంగతి. ఆపరేషన్ ఒక్క పూట పని. మందు మాత్రం నెలకో, రెండు మూడు నెలలకో ఒకసారి నింపుతూనే ఉండాలి. మీ ఊళ్లో ఎవరూ నింపలేరు. ప్రతిసారీ హైదరాబాద్ రావాలి. ఎవరు తీసుకొస్తారు, ఒక్కో రీఫిల్‌కి ఎంతవుతుంది, డాక్టరుగారు సెలవులో ఉంటే ఎవరు నింపుతారు? ఇవన్నీ ముందే తేల్చుకో. పంపుకే లక్షలవుతాయి. ఇన్సూరెన్స్ వాళ్లు రీఫిల్‌కి కూడా ఇస్తారో లేదో కాగితం మీద రాయించుకో.

నింపేటప్పుడు పక్కనే నిలబడు. నర్సు చర్మం మీద చేత్తో తడిమి పంపు అంచు పట్టుకుంటుంది. మధ్యలో ఉండే రబ్బరు మూతలోంచి సూది దించుతుంది. సూది మొన లోపలి లోహానికి తగిలేదాకా దించి, ముందు మిగిలిన పాత మందును లాగుతుంది. ఎంత వచ్చిందో చూడు. ఇంత మిగలాలని కంప్యూటర్ చెప్పిన దానికీ దీనికీ పొంతన కుదరాలి. బాగా తేడా ఉంటే పంపులోనో, గొట్టంలోనో ఏదో ఉన్నట్టే, అడగాలి. కొత్త మందు సూది జారి పంపు బయట చర్మం కింద పడిందా, ఒక్కసారిగా ఒంటికెక్కి ఊపిరి మందగిస్తుంది. అందుకే నింపగానే బస్సు టైమైందని పరుగెత్తొద్దు. కాసేపు అక్కడే కూర్చోబెట్టండి. లేపితే లేవనంత మగత, ఊపిరి నెమ్మదించడం కనిపిస్తే క్షణం ఆగొద్దు. తర్వాతి రీఫిల్ తేదీ ఉన్న కాగితం ఫోటో తీసి పెట్టుకో. ఆ తేదీ దాటనివ్వొద్దు. మందు అయిపోతే నొప్పి ఒక్కసారిగా తిరగబెడుతుంది, చెమటలు, వణుకు, విరేచనాలు కూడా తోడవుతాయి. పంపు బీప్‌మంటే ఫోన్ తీసేదెవరో, రాత్రి నంబరేదో రాయించుకో.

జ్వరం, మెడ బిగుసుకుపోవడం, కుట్టు దగ్గర ఎర్రబడటం, నీరు కారడం, కాళ్లు కొత్తగా పట్టుతప్పడం... వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. మొదటి రోజుల్లో దురద పుట్టొచ్చు, మూత్రం సరిగా రాకపోవచ్చు, వాటికి మందులున్నాయి. నిద్రమాత్రలు సొంతంగా ఇవ్వకండి. ఎమ్మారై తీయించాల్సి వస్తే పంపుందని ముందే చెప్పాలి. పంపు కార్డు వదిన పర్సులో ఉండాలి.

గురువారం మీరు డాక్టరుగారిని కలిసేటప్పుడు అన్నయ్యను కూడా లోపలికి తీసుకెళ్లు, బయట బెంచీ మీద కూర్చోబెట్టకు. రీఫిల్ సంగతి తేలకుండా సంతకం పెట్టొద్దు. డాక్టరుగారు చెప్పింది రాసుకుని అదే రాత్రి నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త