ఎగ్జైట్ అయిన అవ్వ

కడప

నాయనా,

నీ కథ అందింది. కేసీ కాలువకు నీళ్ళొదిలిన రోజు మీ ఊళ్ళో జరిగింది బాగా పట్టుకొచ్చావు. ముందు చెత్తా నురగా, వెనక ఎర్రనీళ్ళు. చూసినవాడు తప్ప ఇంకొకడు రాయలేడు. ఆ ఊపులోనే పేజీ తిప్పితే "అవ్వ చాలా ఎగ్జైట్ అయ్యింది" అని ఉంది. కాగితాలు పక్కన పడేసి టీ తాగడానికి వెళ్ళిపోయాను.

ఇంగ్లీషు మాట వాడావని కాదు నా కోపం. బస్సు, కరెంటు, టెన్షన్ నేనూ రాస్తాను. వాడేదేదో సరిగ్గా వాడాలి కదా! ఒకచోట "నీళ్ళు రావడం ఎగ్జైటెడ్‌గా ఉంది" అన్నావు, ఇంకోచోట "రైతులు ఎగ్జైటింగ్‌గా ఉన్నారు" అన్నావు. రెండూ తిరగబడ్డాయి. మనసు కదిలినవాడు ఎగ్జైటెడ్, కదిలించేది ఎగ్జైటింగ్. లాటిన్‌లో దాని మూలానికి అర్థం లేపడం, రేపడం. సంతోషం అందులో ఉంటే ఉండొచ్చు, లేకపోతే లేదు. బయటి నుంచి శక్తి అందుకుని పై మెట్టుకు ఎగిరిన పరమాణువును కూడా ఫిజిక్సులో ఎగ్జైటెడ్ అనే అంటారు. దానికేం సంబరం? నీకిష్టమైన ఆ "థ్రిల్" ఇంకా మొరటుది. పాత ఇంగ్లీషులో తూటు పొడవడమని అర్థం. ముక్కురంధ్రాన్ని నాస్ట్రిల్ అంటారే, అందులో ఉన్నదీ ఆ తూటే.

ఇక మీ అవ్వ సంగతి. ఆమెకు అసలేమైంది? నీళ్ళు చూడాలని ఉబలాటమా? తన వంతు తప్పిపోతుందని ఆత్రమా? పోయినేడు ఎండిన మడి గుర్తొచ్చి గుబులా? పై చేనువాడు గండి కొడతాడని ఉద్రేకమా? ఉబలాటమైతే చెప్పులు మరిచి గట్టెక్కుతుంది. ఆత్రమైతే పార వెతుక్కుంటుంది. గుబులైతే అరుగు మీద నుంచి లేవదు. ఉద్రేకమైతే ఊరంతా వినపడేలా తిడుతుంది. ఏదో నువ్వు తేల్చుకోలేదు. అందుకే తర్వాతి పేరాలో ఆమె చేత ఏ పనీ చేయించలేక ఊరికే నవ్వించి వదిలేశావు. కథ అక్కడే కుంటుపడింది.

ఈ విషయంలో నాది మొండిపట్టే. వయసులో ఉన్నప్పుడు ఒక కథలో "మా తాతకు కాళ్ళు నిలవలేదు" అని రాశాను. నగరంలోని ఒక వారపత్రిక సంపాదకుడు దాన్ని "తాత ఉత్కంఠకు లోనయ్యాడు" అని దిద్ది అచ్చేశాడు. ఊళ్ళో ఒకాయన చదివి "మీ తాతకేమైంది నాయనా, ఆసుపత్రికి తీసకపోయినారా?" అని అడిగాడు. అదే సంపాదకుడు "యాడికి" అని రాస్తే పాఠకులకు అర్థం కాదని స్టాంపులంటించిన నా కవర్లోనే కథ తిప్పి పంపాడు. ఆ వారం అట్ట మీద మాత్రం "థ్రిల్లింగ్ సీరియల్" అని పెద్దక్షరాలు! కోస్తా మాట అయితే భాష, మనదైతే మాండలికం. ఇప్పటికీ పెద్దగా మారిందేమీ లేదు, కొత్తగా వచ్చినవాళ్ళు కొంచెం మర్యాదగా తిప్పి పంపుతున్నారు, అంతే.

1820లో కుంపిణీ ఉద్యోగిగా కడపకొచ్చిన బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి మన కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడు. తర్వాత నిఘంటువు కూర్చాడు. ఉబలాటం లాంటి మాటల కోసం ఆయన అంత తిప్పలు పడ్డాడు. మీ ఇంట్లో అవ్వే ఉంది, అడిగితే ఉచితంగా చెబుతుంది. ఆయన పేరు మీదున్న గ్రంథాలయానికి ఎప్పుడైనా రా. కారం దోసె తినేసి బస్సెక్కడం కాదు, ఒక పూట కూర్చోవాలి.

కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకు పంపాలి అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు అవ్వ దగ్గర కూర్చుని ఆ రోజు తనకెట్లా అనిపించిందో అడుగు. ఆమె చెప్పిన మాట చెప్పినట్టే రాసి, కథ మళ్ళీ పంపు. కాగితానికి ఒకవైపే రాయి, వెనకవైపు సిరా ఇటు దిగి నా కళ్ళకు ఏమీ ఆనడం లేదు.

ఇట్లు
మీ పెద్దాయన