నొప్పి ఏ దారిలో దిగుతోంది?

ప్రశ్న: మాది మర్రిగూడ. వయసు 46. బత్తాయి తోటలో పని చేస్తాను. నడుము నుంచి కుడికాలికి నొప్పి దిగుతోంది. నడుముకు సూదులు వేయించుకున్నా తగ్గలేదు. ఆక్యుపంక్చర్ పనికిరాదా?

జవాబు: అమ్మా, అప్పుడే అలా తేల్చేయకండి. నేనైతే ముందు ‘నొప్పి దారిని ఒక్క వేలితో గీసి చూపించండి’ అంటాను. తొడ వెనకగా, పిక్క మీదుగా కాలి చిటికెన వేలివైపు దిగితే అది మూత్రాశయ మెరిడియన్ (మెరిడియన్ అంటే ఆక్యుపంక్చర్ చెప్పే ఒంట్లోని దారి). మోకాలి వెనక మడత మధ్యలో సూది వేసే 40వ బిందువు అందులో ముఖ్యం. తొడ బయటి పక్కగా దిగి నాలుగో వేలివైపు పోతే పిత్తాశయ మెరిడియన్. మోకాలి కింద బయటివైపు ఉండే 34వ బిందువు చూడాలి. ఆ దారి వెంట బొటనవేలితో నొక్కుతూ పోతే ఎక్కడో ఒకచోట మీరే ‘అబ్బా’ అంటారు. సూది వేసేటప్పుడు ఆ చోటును వదలకూడదు. ఇవి చైనా సంప్రదాయ వైద్యం చెప్పే మార్గాలు, కోసి చూపగల నరాలు కావు. పేర్లు చూసి ఆ అవయవాలు చెడ్డాయని భయపడకండి.

మీది ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ప్రాంతం. ఎముకల ఫ్లోరోసిస్‌ను సూది తీసేయలేదు, కాబట్టి ముందు ఎక్స్‌రే తప్పనిసరి. కాలు బలహీనపడినా, మూత్రం పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరి వచ్చినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి.