ప్రోగ్రామింగ్ కోసం అమీర్‌పేట వెళ్లాల్సిందేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఒంగోలులో బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం. రోజూ పొదిలి నుంచి బస్సులో వెళ్లొస్తుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. సీ, పైథాన్ బుర్రకెక్కడం లేదంటోంది. సెలవుల్లో హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సులో చేర్పించమని బంధువులు చెబుతున్నారు. ఆన్‌లైన్‌లో అన్నీ ఉచితంగానే దొరుకుతాయని అమ్మాయి అంటోంది. నిజమేనా? వాటిలో మంచివేవో ఎలా తెలుస్తుంది? ల్యాప్‌టాప్ ఎలాంటిది కొనాలి?
- ఒక తండ్రి, పొదిలి

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమేనండి. ఈ సెలవులకు హైదరాబాద్ పంపొద్దు. అక్కడి కోర్సులు పనికిరావని కాదు. లూపులు, ఫంక్షన్ల దగ్గరే తడబడుతున్న అమ్మాయికి పెద్ద బ్యాచ్‌లో ఆ వేగం అందుకోవడం కష్టం. ఫీజు, హాస్టల్ ఖర్చు మీకు, టెన్షన్ ఆమెకు. పునాది ఇంట్లోనే పడనివ్వండి.

ముందుగా ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ చూడమనండి. సీ పాఠాలు తెలుగు డబ్బింగ్‌లో ఉన్నాయి, ఒక్కోటి సుమారు పది నిమిషాలు. సగం స్క్రీన్‌లో వీడియో, మిగతా సగంలో తన ఎడిటర్ (ప్రోగ్రాం టైప్ చేసే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని, వాళ్లు ఒక లైను టైప్ చేయగానే ఆపి తనూ టైప్ చేయాలి. ఈ పద్ధతి వాళ్లు చెప్పేదే. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు మొదటి మెట్టుగా నేను దీన్నే చెబుతాను.

అది కాస్త కుదురుకున్నాక ఎన్‌పీటీఈఎల్, అంటే ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన మాధవన్ ముకుంద్ పైథాన్‌లో ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్ చెప్పిన కోర్సు ఉంది. ఇంగ్లిష్ తేటగా ఉంటుంది, ప్రతి వారం అసైన్‌మెంట్ ఉంటుంది. నేర్చుకోవడానికి రూపాయి కట్టక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి, పరీక్షా కేంద్రానికి వెళ్లి రాయాలి. ఆ సర్టిఫికెట్‌కు క్రెడిట్లు ఇస్తారేమో కాలేజీలో అడగండి. హార్వర్డ్ వారి సీఎస్50 కూడా ఉచితమే, చాలా గొప్ప కోర్సు. కానీ అందులో హోంవర్క్ గట్టిగా ఉంటుంది, ఇంకో ఏడాది ఆగితే మేలు.

ఒకసారికి ఒక్కటే కోర్సు. ఇది అమ్మాయికి గట్టిగా చెప్పండి. నాలుగు చోట్ల మొదటి మూడు పాఠాలు చూసి వదిలేసిన పిల్లలు నా దగ్గరకు ఎంతమంది వస్తారో! వాళ్లకు తెలివి తక్కువ కాదు, దారులు ఎక్కువయ్యాయి.

మంచిదేదో గుర్తుపట్టడం గురించి కాస్త వివరంగా చెబుతాను. సీ పాఠం మొదలవగానే కోనియో.హెచ్, సీఎల్‌ఆర్‌ఎస్‌సీఆర్, వాయిడ్ మెయిన్ కనిపిస్తే అది నీలం తెర టర్బో సీ కాలపు పాఠం. టర్బో సీ అనేది సీ ప్రోగ్రాములు నడిపే పాత సాఫ్ట్‌వేర్, 1990ల నాటి సరుకు. ల్యాబ్ రికార్డు కోసం అలా రాయాల్సి వస్తే రాయనివ్వండి, కానీ నేర్చుకోవడం ఇప్పటి ఉచిత సీ కంపైలర్ జీసీసీ మీద నేర్చుకోమనండి. పైథాన్‌లో ప్రింట్ తర్వాత బ్రాకెట్లు లేకుండా రాశారంటే అది పైథాన్ 2. దానికి 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది. అలాంటి వీడియోను అక్కడే మూసేయొచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి: పాఠం అయ్యాక సొంతంగా చేయడానికి లెక్క ఇస్తున్నారా లేదా? ఇవ్వకపోతే అది ఎంత హాయిగా ఉన్నా చూసి మరిచిపోయేదే.

బుర్రకెక్కడం లేదనే పిల్లలు చాలామంది ఆగిపోయేది ఎర్రర్ దగ్గర. ఎర్ర అక్షరాలు కనబడగానే ఇంగ్లిష్ రాదనుకుని భయపడతారు. నిజానికి అక్కడ వచ్చే మాటలు కొన్నే. ‘కౌంట్ అన్‌డిక్లేర్డ్’ అని వచ్చిందంటే కౌంట్ అనే వేరియబుల్‌ను ముందు ప్రకటించకుండా వాడావని. ‘ఎక్స్‌పెక్టెడ్ సెమీకోలన్ బిఫోర్ రిటర్న్’ అంటే రిటర్న్ ఉన్న లైనుకు పై లైను చివర సెమీకోలన్ పెట్టడం మరిచావని. ఇలాంటివి కనబడ్డప్పుడల్లా ఒక నోటుబుక్కులో తెలుగులో అర్థం రాసుకోమనండి. అప్పటికీ తెగకపోతే ఆ ఎర్రర్ లైనును కాపీ చేసి గూగుల్‌లో వెతకాలి. స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రశ్నోత్తరాల సైట్‌లో అదే ఇబ్బంది పడ్డవాళ్లు, జవాబు చెప్పినవాళ్లు ఉంటారు. చాట్‌జీపీటీని ‘ఈ ఎర్రర్ ఎందుకొచ్చిందో తెలుగులో చెప్పు’ అని అడగొచ్చు. ‘ప్రోగ్రాం రాసివ్వు’ అని మాత్రం ఈ ఏడాదంతా అడగకూడదు.

లూపు లోపల ఏం జరుగుతోందో తెలియకపోతే పైథాన్ ట్యూటర్ అనే వెబ్‌సైట్ ఉంది. పేరు పైథానే అయినా సీ కూడా నడుస్తుంది. ఒక్కో లైనుకు ఏ వేరియబుల్‌లో ఏ విలువ పడుతోందో బొమ్మ గీసి చూపిస్తుంది. పాయింటర్లు అర్థం కాని పిల్లలకు దీన్ని తప్పకుండా చూపించాలి. సాధనకు హ్యాకర్‌ర్యాంక్ అనే సైట్‌లో తేలిక లెక్కలు చాలు.

బస్సులో వీడియోలు చూడొద్దనండి, చదివేశామన్న భ్రమ కలుగుతుంది. దాని బదులు ఒక చిన్న ప్రోగ్రాం కాగితం మీద రాసుకుని, అవుట్‌పుట్ ఏం వస్తుందో దార్లోనే లెక్కగట్టి, ఇంటికొచ్చాక నడిపి సరిచూసుకోవాలి.

‘జాబ్ గ్యారంటీ, వడ్డీ లేని ఈఎంఐ’ అని ఫోన్లు వస్తాయి. సంతకం పెట్టకండి. అది చాలాసార్లు మీ పేరు మీద లోనే.

ల్యాప్‌టాప్‌కు 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే సరిపోతుంది. గేమింగ్ మోడల్ అక్కర్లేదు. బడ్జెట్ లేకపోతే మంచి కండిషన్‌లో ఉన్న సెకండ్ హ్యాండ్‌ది తీసుకుని విండోస్ బదులు ఉబుంటు వేయించండి, అది ఉచితం, జీసీసీ అందులో తేలిగ్గా నడుస్తుంది. కొనేదాకా కాలేజీ ల్యాబ్‌లో రోజూ ఒక గంట ఎక్కువసేపు కూర్చోనివ్వమని హెచ్‌ఓడీ గారిని మీరే వెళ్లి అడగండి.